కొలువు చేస్తూ ఎంబీఏ: సీటు వచ్చే అవకాశమెంత?

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల్లో కొందరు నాలుగైదేళ్ళ తర్వాత ఎంబీఏ వైపు చూస్తారు. ఉద్యోగం మానకుండా సాయంత్రాలు, శనివారాలు చదివే ఏర్పాటు అక్కడి పేరున్న విద్యాలయాల్లోనే ఉంది. షికాగోలోని బూత్, బర్క్‌లీలోని హాస్, న్యూయార్క్‌లోని స్టెర్న్ అటువంటివే. "అంత గొప్ప చోట మావాడికి సీటు దొరుకుతుందా?" అన్నది తల్లిదండ్రుల సందేహం. దీనికి లెక్క చూసి జవాబు చెప్పుకోవడం మేలని మేము భావిస్తున్నాము.

సాధారణంగా పూర్తికాలపు తరగతి కంటే సాయంత్రపు తరగతిలో ప్రవేశం కొంత సులువు. ఉద్యోగం వదులుకోలేనివారు, ఆ చుట్టుపక్కల ఉండేవారే ఎక్కువగా దరఖాస్తు చేస్తారు కనుక పోటీ తక్కువ. అలాగని డిగ్రీ విలువ తగ్గదు. బూత్, హాస్‌లలో ఇద్దరికీ ఇచ్చే పట్టా ఒక్కటే.

అవకాశాన్ని తూచేటప్పుడు నాలుగు విషయాలు చూడాలి. మొదటిది జీమ్యాట్ పరీక్ష. 2024 నుంచి కొత్త పద్ధతే అమలులో ఉంది. మార్కులు 205 నుంచి 805 వరకు ఉంటాయి. పాత పరీక్షలోని 700, కొత్తదానిలో సుమారు 645కు సమానం. ఇది తెలియక 645 వచ్చిందని దిగులుపడేవారున్నారు. కొన్ని విద్యాలయాలు అర్హులకు పరీక్ష మినహాయింపు కూడా ఇస్తాయి. రెండవది డిగ్రీ మార్కులు. అవి తక్కువైతే పరీక్షలో లెక్కల భాగం బాగా రావాలి. మూడవది ఉద్యోగంలో ఎదుగుదల. ఎన్నేళ్ళు పనిచేశాడన్నదే కాదు, ఏ బాధ్యత మోశాడన్నదీ చూస్తారు. ఈ సంగతి పై అధికారి సిఫారసు లేఖలో కనిపించాలి. నాలుగవది, ఈ చదువు ఎందుకన్న ప్రశ్న. "జీతం పెరుగుతుంది" అంటే చాలదు. ఏ పని నుంచి ఏ పనికి మారదలిచాడో స్పష్టంగా చెప్పగలగాలి.

వీసా సంగతి మరువరాదు. హెచ్-1బీపై ఉన్నవారు ఉద్యోగం చేస్తూనే చదువుకోవచ్చు. ఇక్కడి నుంచి విద్యార్థి వీసాపై వెళ్ళేవారు మాత్రం పూర్తికాలపు చదువులోనే చేరాలి. సాయంత్రపు కోర్సు సాధారణంగా రెండున్నర, మూడేళ్ళు సాగుతుంది. మధ్యలో ఉద్యోగం పోతే హెచ్-1బీవారికి గరిష్ఠంగా 60 రోజుల గడువే ఉంటుంది. ఆ లోగా మరో కొలువు చూసుకోవాలి, లేదా వేరే వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. లేకపోతే కట్టిన ఫీజు, పడిన శ్రమ రెండూ సందిగ్ధంలో పడతాయి. సీటు వచ్చే అవకాశంతోపాటు కొలువు నిలిచే అవకాశాన్నీ తూచాలనడం ఇందుకే.

ఇక ఖర్చు. కంపెనీ చదువుకిచ్చే సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు. అయితే ఆ సాయం తీసుకున్నవారు కొంతకాలం అక్కడే పనిచేయాలని చాలా కంపెనీలు షరతు పెడతాయి. వడ్డీ అప్పు వద్దనుకునే మన కుటుంబాలకు ఈ సాయం, జీతంలో మిగులు ఎంతో ఆసరా. ఒక్కో కోర్సుకు ఫీజు కట్టుకుంటూ పోయే వీలుందేమో ముందే అడిగి తెలుసుకోవాలి.

చివరగా ఒక మాట. పెళ్ళయి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో మూడేళ్ళ సాయంత్రాలు పోతాయి. ఆ భారం మోసేది ఇల్లాలు. కనుక దరఖాస్తు నింపే ముందు ఆమె మాట వినాలి. ఆమె సమ్మతి ఉండి, పై నాలుగింటిలో మూడు గట్టిగా ఉంటే వెనుకాడనవసరం లేదు. మొదటి విడతలోనే దరఖాస్తు పంపడం మంచిది.