సయనైడు లేని బంగారము

ఇటీవల మా ఆడపడుచు కుమార్తె పెండ్లికి గొలుసు చూచివచ్చి, "ఇది సయనైడు తగులని బంగారమట వదినా! దీనివలన నేలకుగాని నీటికిగాని హాని లేదట" యని మిక్కిలి సంతోషముతో చెప్పెను. అందు మొదటి మాట నిజమే కావచ్చును. రెండవ మాటను గూర్చి సోదరీమణులతో కొంత ముచ్చటింపవలెనని మా తలంపు.

సయనైడనిన మనకు గల భయము అకారణము గాదు. 1887లో గ్లాస్గో నగరమున కనిపెట్టబడిన యీ పద్ధతిలో, రాతిపొడిని సయనైడు నీట నానవేయగా బంగారము అందు కరగివచ్చును. 2000 జనవరిలో రుమేనియాలోని బాయా మారే యొద్ద కట్ట తెగి, సుమారు లక్ష ఘనమీటర్ల విషజలము నదులలో బడగా చేపలు రాసులుగ చచ్చి తేలినవి. మన పొరుగున కోలారు గనులు 2001లో మూతబడినను సయనైడు దిబ్బలు కొండలవలె నిలిచియే యున్నవి.

అయితే సయనైడు లేని పద్ధతులలో నొకటి అంతకన్న ప్రాచీనము. అది పాదరసము. పాదరసము లోహములను గ్రసించునని మన రసశాస్త్రములు చెప్పుచున్నవి. బంగారు ఇసుకతో దానిని మర్దించినచో పసిడి రేణువులను పట్టి ముద్దయగును. ముద్దను నిప్పుపై బెట్టినచో పాదరసము ఆవిరియై పోవును, బంగారము మిగులును. పోవుననగా ఎక్కడికి? పలుదేశముల బీదలు ఈ పనిని తమ వంటయింటి పొయ్యిమీదనే చేయుదురు. ప్రక్కన బిడ్డలు ఆడుకొనుచుందురు. 2015 నాటి లెక్కనుబట్టి మానవులు గాలిలోనికి వదలు పాదరసములో మూడవవంతునకు మించి యిట్టి చిన్న గనులదే.

ఏటిలో బడినది మరియొక దారి పట్టును. బురదలోని సూక్ష్మజీవులు దానిని ఘోరతరమైన విషముగ మార్చును. అది నాచునుండి చిరుచేపకు, చిరుచేపనుండి పెద్దచేపకు హెచ్చుచు వచ్చి, తుదకు గర్భస్థ శిశువు మెదడును జేరును. జపానులోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధి ఇట్టిదే. అది గనివలన గాక కర్మాగారపు నీటివలన గలిగినది. పైకి ఆరోగ్యవతులుగ గనబడిన తల్లులకు గూడ అంగవైకల్యము గల బిడ్డలు పుట్టిరి. కాలిఫోర్నియాలో 1849 మొదలు బంగారమునకై పరుగెత్తినవారు కాలువలలో విరివిగ పాదరసము పోసిరి. నూరేండ్లు దాటినను, బిడ్డలను కనవలసిన వయస్సు స్త్రీలు అచ్చటి పెక్కు చెరువుల చేపలను మితముగ తినవలెనని నేటికిని ప్రభుత్వము హెచ్చరించుచున్నది. ఇందెక్కడను సయనైడు లేదు!

వెలిగారపు కథ వేరు. కంసాలి కుంపటియొద్ద గూర్చున్నవారికి దానిని పరిచయము చేయనక్కరలేదు. అతుకు వేయునపుడు చిటికెడు చల్లి ఊదుగొట్టముతో నూదును. ఫిలిప్పీను దీవులలో బెంగెట్ సీమవారు దశాబ్దములుగ గనిపసిడిని దీనితోనే తీయుచున్నారు. రాతిపొడిని, మనము బియ్యము గాలించినట్లు, నీట గాలించి, బరువైన ఇసుకను నిలుపుకొని, వెలిగారము కలిపి కరగింతురు. రాతి మలినము తక్కువ వేడికే కరగి పైకి తేలును, పసిడి అడుగున దిగును. డెన్మార్కు భూగర్భశాస్త్రజ్ఞుడు పీటర్ అప్పెల్ మొదలగువారు దీనిని టాంజానియాలోని గనివారికి గూడ చూపిరి. పొయ్యిప్రక్క బిడ్డకు పాదరసపు ఆవిరి తప్పుట సామాన్యమైన మేలు గాదు. కాని గాలించిన బురద వాగులో గలియుటను, కొండవాలు చెట్లు కూలుటను, రాతిలోని గంధకము వానకు ఆమ్లమై ఆర్సెనిక్కు మొదలగువానిని కరగించి తెచ్చుటను వెలిగారము మాన్పలేదు. అదియు మితిమీరి నేల జేరినచో పైరు మాడును.

ఫొటోగ్రాఫరుల హైపో జాతిదగు థయోసల్ఫేటుతో నెవాడాలోని గోల్డ్‌స్ట్రైక్ గనిలో 2014 నుండి పెద్దయెత్తున బంగారము తీయ నారంభించిరి. సయనైడంత విషము గాదు. అయినను హెచ్చుగ వాడవలెను. కొన్ని విధములలో అమ్మోనియా, మైలుతుత్తము కూడ కావలెను. ఆ రెండును చేపలకు గిట్టవు.

ఇదంతయు విని మావారు, అమ్మగారి పాత కాసులపేరు కరగించినచో ఏ గనియు త్రవ్వనక్కరలేదు గదా యనిరి. కరగింపుడను మాట మగవారి కెంత సులభము! మా ఆడపడుచు మాత్రము మరల అంగడికి బోయి, "సయనైడు లేదు సరే, దాని బదులేమి వాడిరి?" యని యడిగెనట. కనుగొని చెప్పెదమనిరట. మూడు వారములైనది, ఇంకను చెప్పలేదు.