మీట నొక్కునపుడు మారు పేరు

సంఘపు కంప్యూటరులో సభ్యుని జిల్లా, మండలము, గ్రామము వ్రాయబడవు. క్రిందికి విచ్చుకొను పట్టికలనుండి యెంచబడును. ఒక పట్టికనుండి మరియొకదానికి ట్యాబు మీటతో పోవలెను. షిఫ్టుతో గూడ ట్యాబు నొక్కిన వెనుకకు వచ్చును. బాణపు మీట నొక్కినచో సాధారణముగా పట్టిక మారదు, అందలి పేరే మారును. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఆంగ్లమున 'ఎ' అక్షరము నొకమారు నొక్కగా అనంతగిరియొద్ద నిలువవచ్చును. అరకులోయకై మరల నొక్కవలెను. రెండును 2022 ఏప్రిలు 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే గనుక యంత్రము తప్పు పట్టదు. అరకు కాఫీ రైతు ఋణము పొరుగు మండలము పేర జేరును. పాత పత్రము చూచి విశాఖపట్టణము నెంచిన గుమాస్తా, వెనుకకు పోయి జిల్లాను దిద్దినచో, క్రింద నెంచిన మండల గ్రామములు చాలచోట్ల చెరిగిపోవును. వానిని మరల నెంచవలెను. భద్రపరచక మునుపే తమ గ్రామము పేరు గుమాస్తాచే పైకి చదివించుకొనుడని సభ్యులను మేము కోరుచున్నాము.