ఇంటిలోని దెబ్బలు – పోలీసుల విధి

"ఆలుమగల తగవు మనకేల?" యని ఇరుగుపొరుగువారు తలుపు వేసికొందురు. పోలీసువారు అట్లు మరలిపోరాదు. 112కు గాని, స్త్రీల సహాయార్థమేర్పడిన 181కు గాని ఫోను చేయగా వచ్చిన అధికారి ముందుగా ఆమెను భర్తకు, అత్తమామలకు దూరముగా కూర్చుండబెట్టి వినవలెను. కొట్టినవాని యెదుట ఎవరు నిజము చెప్పగలరు? గాయములున్నచో వైద్యము ముందు.

గృహహింస నుండి స్త్రీలను రక్షించు 2005 నాటి చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. మేజిస్ట్రేటు వలన రక్షణ ఉత్తర్వు పొందవచ్చుననియు, అందుకు రక్షణాధికారి తోడ్పడుననియు, ఉచిత న్యాయసహాయము కలదనియు ఆమెకు తెలుపుట దాని 5వ సెక్షను పోలీసులకు విధించిన పని. భర్తగాని అతని బంధువులుగాని క్రూరముగా హింసించినచో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను క్రింద ఫిర్యాదు చేయు హక్కును గూడ చెప్పవలెను.

"రాజీ పడుడు" అని సంతకములు తీసికొని పోవుట సులభమే. ఆ రాత్రి ఆమె గతి యేమి? ఇల్లు భర్త పేర నున్నను, న్యాయప్రకారము దక్క ఆమెను వెడలగొట్టరాదు. రక్షణ ఉత్తర్వు ప్రతి ఠాణాకును ఉచితముగా పంపబడును. దానిని మీరినవానికి ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును. అట్టివాని విషయమున పోలీసులు వారంటు కొరకు వేచియుండనక్కరలేదు.