‘ఆకే కదా మేడమ్!’

విశాఖపట్నంలో నా దగ్గరికి వచ్చే కాలేజీ పిల్లలు గంజాయి గురించి మూడు మాటలు చెబుతారు. ఆకే కదా మేడమ్ అంటారు. సిగరెట్ కంటే నయమంటారు. కావాలంటే రేపే మానేస్తానంటారు. మానసిక వైద్యురాలిగా ఈ మూడింటికీ నా ఓపీ గదిలో జవాబు చెబుతూనే ఉన్నాను. ఆ జవాబులు ఆసుపత్రి దాకా రాని పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ అందాలి.

ఆకే కదా అంటే, ఉమ్మెత్త కూడా మొక్కే, అయినా దాని గింజలు ఎవరూ తినరు. గంజాయి మొక్క పూల గుత్తుల్లో టీహెచ్‌సీ అనే రసాయనం ఉంటుంది. మత్తు ముఖ్యంగా దానిదే. జ్ఞాపకం, ఆకలి, భయం, నిద్ర అదుపులో ఉండేందుకు మన మెదడే అలాంటి పదార్థాలను కొద్దికొద్దిగా తయారు చేసుకుంటుంది. పొగతో లోపలికి వచ్చిన టీహెచ్‌సీ ఆ ఏర్పాటులో జొరబడి దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ముందుచూపు, నిగ్రహం, మంచిచెడ్డలు తేల్చుకోవడం వంటి పనులు చూసే మెదడు ముందుభాగం సుమారు 25 ఏళ్లు వచ్చే దాకా ఎదుగుతూనే ఉంటుంది. బీటెక్ మొదటి ఏడాదిలో చేరే పిల్లాడికి 17, 18 ఏళ్లు. ఈ వయసులో మొదలుపెట్టడం మరింత ప్రమాదమని మేం చెప్పేది అందుకే.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి ఇంటర్‌లో మంచి మార్కులు, ఎంసెట్‌లో మంచి ర్యాంకు. రెండో ఏడాది హాస్టల్లో సీనియర్లతో మొదలైంది. శనివారాలు కాస్తా రోజూ రాత్రులయ్యాయి. పొద్దున్నే లేవలేక మొదటి పీరియడ్లు పోయాయి. హాజరు తగ్గింది, సప్లీలు పేరుకున్నాయి. ‘పేజీ చదువుతాను మేడమ్, తిప్పేసరికి ఏం చదివానో గుర్తుండదు’ అన్నాడు. ఇంట్లో వాళ్లు ఇదంతా ప్రేమ వ్యవహారమనుకున్నారు, ఫోను పిచ్చి అనుకున్నారు. చివరికి నాలుగు రాత్రులు నిద్రపోకుండా, గదిలో తనను ఎవరో రహస్యంగా వీడియో తీస్తున్నారని గొడవ చేస్తే అప్పుడు తీసుకొచ్చారు.

దాన్ని మేం సైకోసిస్ అంటాం. గంజాయి తాగిన ప్రతివాడికీ అది రాదు. కానీ యూరప్, బ్రెజిల్ నగరాల్లో చేసి 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, ఎన్నడూ తాగని వాళ్లతో పోలిస్తే రోజూ తాగేవాళ్లకు ఆ అవకాశం మూడు రెట్లు కనిపించింది. ఘాటైన సరుకు రోజూ వాడేవాళ్లలో దాదాపు ఐదు రెట్లు. వంశంలో స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ‘మీ ఇంట్లో ఎవరికైనా మతిస్థిమితం తప్పిందా’ అని అడిగితే పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అది పిల్లలకు ముందే చెప్పాల్సిన విషయం.

సిగరెట్ కంటే నయమన్న మాట కూడా నిలవదు. గంజాయి పొగలోనూ తారు ఉంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంది. పైగా చాలామంది సిగరెట్ పొగాకులో కలిపి తాగుతారు కాబట్టి నికోటిన్ అలవాటూ తోడవుతుంది. ఇప్పుడు లిక్విడ్ గంజాయి అనే హాష్ ఆయిల్ వచ్చింది. ఆకు కంటే అది ఎన్నో రెట్లు ఘాటు. ఒక చుక్కలో ఎంత మత్తుందో అమ్మేవాడికీ తెలియదు.

ఇక రేపే మానేస్తానన్న మాట. వాడేవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరు దీనికి బానిసవుతారు. ఇరవై లోపే మొదలుపెట్టిన వాళ్లలో ఆరుగురికి ఒకరు. రోజూ తాగేవాడు ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే నిద్ర పట్టదు, చిరాకు, అన్నం సయించదు, చెమటలు, పీడకలలు. మొదటి వారమే కష్టం, తర్వాత క్రమంగా తగ్గుతాయి. ఈ సంగతి తెలియని పిల్లాడు పరీక్షల ముందు ఆపి, నిద్ర రాక, గంజాయే తనకు మందనుకుని మళ్లీ మొదలుపెడతాడు.

మా ఉత్తరాంధ్రలో ఇంకో ప్రమాదం ఉంది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండిన సరుకును మా ప్రాంతం మీదుగా తరలిస్తారు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికేశారు, అయినా రవాణా ఆగలేదు. బ్యాగు ఫలానా ఊరికి చేరిస్తే కొన్ని వేలు ఇస్తామంటే, తాగడానికి డబ్బు చాలని విద్యార్థి ఒప్పుకుంటాడు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం తాగితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. దగ్గర ఉన్నది కిలో దాటితే పదేళ్ల దాకా కఠిన కారాగారం. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, బెయిలు దొరకడం కష్టం. అమెరికా వెళ్లే పిల్లలూ గుర్తుంచుకోవాలి. కొన్ని రాష్ట్రాల్లో దుకాణాల్లోనే అమ్ముతున్నా ఫెడరల్ చట్టం విదేశీ విద్యార్థిని వదలదు, వీసాకే ఎసరు.

అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఒక తలుపు తెరిచి ఉంది. 64ఏ సెక్షన్ ప్రకారం, తాగినందుకో, కొద్దిపాటి సరుకు దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న బానిస తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరి పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. పరువు పోతుందని దాచే తల్లిదండ్రుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. దాచిన ప్రతి నెలా జబ్బు ముదిరి, చికిత్స కష్టమవుతుంది.

గంజాయి కోరికను మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఇంకా లేదు. కౌన్సెలింగ్, నిద్ర కుదుటపడే దాకా వైద్యం, సైకోసిస్ ఉంటే దానికి మందులు, ఇంట్లో వాళ్ల ఓపిక. వీటితోనే చాలామంది బాగుపడి చదువు పూర్తి చేశారు. నేను పైన చెప్పిన కుర్రాడు కూడా ఒక ఏడాది పోగొట్టుకున్నాడు గానీ కాలేజీకి తిరిగి వెళ్లాడు.

కాలేజీ యాజమాన్యాలకు నా మనవి: పట్టుబడిన పిల్లాడికి టీసీ ఇచ్చి చేతులు దులుపుకోకండి, ముందు వైద్యుడి దగ్గరికి పంపండి. తల్లిదండ్రులకు: కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే. పిల్లలకు: స్నేహితుడు ఇబ్బందిలో ఉంటే అతని రహస్యం కాపాడటం కాదు, ఈ నంబర్లలో ఒకదానికి అతని చేత ఫోన్ చేయించడమే స్నేహం. ఈరోజే చేయించండి.