పెరోల్‌పై ఉన్న మనిషికీ వాదించుకునే హక్కుంది

పెరోల్‌పై ఊరికొచ్చిన దళితుడి ఇంట్లో తుపాకీ దొరికిందని పోలీసులు కేసు పెడితే, 'పాత ముద్దాయే కదా' అని ఊరు తేల్చేస్తుంది. కానీ పాత శిక్ష కొత్త నేరానికి రుజువు కాదు.

1959 ఆయుధాల చట్టం కింద నిషేధిత ఆయుధం ఉంటే 7 నుంచి 14 ఏళ్ల జైలు. అందుకే మేం మూడు ప్రశ్నలు అడగమంటాం. ఆయుధం ఉన్నట్టు అతనికి తెలుసా, అది అతని అధీనంలో ఉందా? ఇవి తేలాలని 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లైసెన్సు లేదన్న అభియోగానికి 39వ సెక్షన్ కోరే జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉందా? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదాను వీడియో తీశారా?

పెరోల్ రద్దు వేరు, కేసు వేరు. జైలుకు తిరిగి పంపినంత మాత్రాన తుపాకీ నేరం రుజువైనట్టు కాదు. రద్దు నోటీసుకు జవాబిచ్చే ముందే లాయరును కలవాలి.

డబ్బు లేదని ఆగొద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవారికీ ఉచిత న్యాయవాదిని హక్కుగా ఇచ్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఆ దరఖాస్తు రాసిపెట్టడం మనందరి పని.