ఇల్లు మారేముందు ఇంటి సామాను అమ్మకం

బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే మన హోసూరు వీధుల్లో సామాను లారీలు కనబడతాయి. బదిలీ అయినవారు, పిల్లల చదువు కోసం బెంగుళూరు చేరేవారు, రిటైరై సొంత ఊరికి వెళ్లేవారు, అందరూ ఆషాఢం రాకముందే ఇల్లు మారాలని చూస్తారు. బయలుదేరే ముందురోజు పాత సామాన్లు కొనేవారిని పిలిచి, వారు చెప్పిన ధరకు అన్నీ ఇచ్చేసి, తరువాత నొచ్చుకునేవారు చాలామంది. అదే పని మూడు వారాల ముందు మొదలుపెట్టి, ఇంటి ముంగిట రెండు రోజులు అమ్మకం పెట్టుకుంటే నాలుగు డబ్బులు వస్తాయి. వస్తువు కూడా అవసరమైనవారి ఇంటికి చేరుతుంది.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని ఒక్కొక్క గదికి ఒక్కొక్క పేజీ కేటాయించండి. ప్రతి వస్తువు ఎదుట తీసుకువెళ్లేది, అమ్మేది, ఊరికే ఇచ్చేది అని మూడింటిలో ఒకటి రాయండి. కొత్త ఇంటి గదుల కొలతలు తెచ్చుకుంటే ఈ పని సులువవుతుంది. బీరువా గుమ్మంలో పట్టకపోతే లారీ కిరాయి, కూలీల ఖర్చు రెండూ దండుగే. ఒక వస్తువును మోయించే ఖర్చు అలాంటిది అక్కడ కొనే ఖర్చుకు దగ్గరగా ఉంటే అది అమ్మకం జాబితాలోకి వెళ్లవలసిందే.

ఈ జాబితా రాసేటప్పుడు ఇంట్లో పెద్దలను దగ్గర కూర్చోబెట్టుకోండి. కోడలి కంటికి తిరగలి బరువైన రాయిగానే కనబడవచ్చు. అత్తగారికి అది నలభై ఏళ్ల సంసారం. అడగకుండా అమ్మితే ఆ డబ్బు ఇంట్లో సుఖంగా ఖర్చుకాదు. పెళ్లిలో వచ్చిన గిన్నెలమీద ఇచ్చినవారి పేర్లు కొట్టించి ఉంటాయి కదా, వాటిని అదే వీధిలో అమ్మకండి. ఇచ్చినవారి కంటపడితే మాట వస్తుంది.

అమ్మకానికి జీతాలు వచ్చే మొదటివారంలో శని, ఆదివారాలు మంచివి. మన ఊళ్లో ప్రకటన తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ రాసి కిరాణా కొట్టు దగ్గర, పాలబూతు దగ్గర అంటించండి. కార్ఖానాల్లో పనికి ఉత్తరాదినుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకున్న కుర్రవాళ్లు మంచం, ఫ్యాను, బకెట్ల కోసం వెతుకుతుంటారు. వారికీ కబురు అందేలా చూడండి.

వస్తువును తుడిచి, కడిగి పెడితే ధర పెరుగుతుంది. మిక్సీ, ఫ్యాను, ఫ్రిజ్ పనిచేస్తున్నట్లు చూపడానికి ముంగిట ఒక ప్లగ్గు ఉండాలి. లోపం ఉంటే ముందే చెప్పండి. ధర చీటీ అంటించండి, బేరానికి కొంచెం చోటు ఉంచండి. ఇత్తడి, రాగి తూకానికి ఇచ్చేటప్పుడు ఇనుముతో కలపకండి, వాటి ధర వేరు. ఇంట్లోనే ఒకసారి తూచి ఉంచుకోండి. తీసుకువెళ్లే సామానును ఒక గదిలో పెట్టి తాళం వేయండి. డబ్బు పుచ్చుకునేది ఒక్కరే అయి ఉండాలి. ఫోనులో డబ్బు పంపామని ఎవరైనా బొమ్మ చూపితే సరిపోదు, మీ ఖాతాలో పడిందో లేదో మీరే చూసుకోండి. డబ్బు రావడానికి మీ పిన్ నంబరు నొక్కమన్నారంటే అది మోసమే.

కొన్నింటిని ఇలా అమ్మరాదు. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు మీ సొంతం కావు. వాటిని ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్ వాపసు ఇచ్చి ఒక వోచరు ఇస్తారు. కొత్త ఊళ్లో అది చూపి కనెక్షను తీసుకోవచ్చు. స్కూటరు అమ్మితే తాళంచెవి ఇచ్చి ఊరుకోకండి. 29, 30 నంబర్ల ఫారాలు పూర్తిచేసి రవాణా కార్యాలయంలో పేరు మార్పించండి. రికార్డులో మీ పేరే ఉంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత మీదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండిని బెంగుళూరుకు మార్చుకునేవారికి రాష్ట్రం మారుతుంది కాబట్టి 28వ నంబరు ఫారంతో నిరభ్యంతర పత్రం కావాలి. పాత ఇన్వర్టరు బ్యాటరీని బ్యాటరీ కొట్టుకే తిరిగి ఇవ్వండి. అందులో సీసం, ఆమ్లం ఉంటాయి. పాత సెల్‌ఫోను ఇచ్చేముందు సిమ్ము తీసి, లోపలి సమాచారమంతా చెరిపేయండి.

చివరిగా పుస్తకాల మాట. బడిపంతులుగా ఇది గట్టిగా చెప్పాలి. తాతగారి పెట్టెలోని తెలుగు పుస్తకాలను తూకానికి వేయకండి. సరిహద్దు ఊళ్లలో తెలుగు పుస్తకం కొనాలంటే వెతకాలి. కిలోకు మీకు వచ్చేది కొద్ది రూపాయలే. అవి తెలుగు చదివే పిల్లలున్న బడికో, గ్రంథాలయానికో చేరితే పదిమంది చదువుతారు. ఇచ్చేముందు ప్రతి పుస్తకం విప్పి చూడండి. పాతవారు పన్ను రసీదులు, దస్తావేజులు పేజీల మధ్యనే దాచేవారు.

రెండోరోజు సాయంత్రానికి మిగిలినవాటిని పనిమనిషికో, ఇరుగుపొరుగుకో ఇవ్వండి. చిరిగినవి కాకుండా పనికివచ్చేవే ఇవ్వండి. భోగిమంటకు తప్ప మరి దేనికీ పనికిరాని వస్తువును దానమనడం మర్యాద కాదు. ఇన్నేళ్లు కలిసి బతికిన వీధిలో మీ కుర్చీ ఒకరింట, మీ బిందె ఒకరింట ఉంటే, ఊరు వదిలినా మీ పేరు అక్కడ వినబడుతుంది.