డబ్బాలో ఇమిడే ఉపగ్రహం: అంతరిక్ష విద్యకు తరగతి బయటి దారులు

విమానాలు, రాకెట్లు, క్షిపణులు, ఉపగ్రహాల రూపకల్పననూ తయారీనీ నిర్వహణనూ కలిపి ఏరోస్పేస్ ఇంజినీరింగు అంటారు. అందులో వాతావరణంలో ఎగిరే యంత్రాలకు సంబంధించిన భాగాన్ని ఏరోనాటిక్స్ అనీ, వాతావరణాన్ని దాటి వెళ్లే వాటికి సంబంధించిన భాగాన్ని ఆస్ట్రోనాటిక్స్ అనీ విడదీసి చెప్పడం వాడుక. మిగతా ఇంజినీరింగు శాఖలకు అంతగా లేని ఒక చిక్కు ఈ విద్యకు ఉంది. సివిల్ చదివే విద్యార్థి కాలేజీ ఆవరణలోనే కాంక్రీటు దిమ్మ పోసి, దాన్ని యంత్రంలో పెట్టి, పగిలేదాకా నొక్కి చూడగలడు; ఏరోస్పేస్ చదివేవారికి మాత్రం తాము లెక్కగట్టిన రాకెట్టు మోటారును మండించి చూసే అవకాశం కాలేజీలో దాదాపుగా దొరకదు, ఇక ఉపగ్రహం సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా ఈ రంగంలో అసలు కష్టం ఏదో ఒక భాగాన్ని చేయడంలో కన్నా, వేర్వేరు బృందాలు వేర్వేరు చోట్ల చేసిన భాగాలను ఒకదానితో ఒకటి పొసిగేలా కూర్చడంలో ఉంటుంది. సిస్టమ్స్ ఇంజినీరింగు అని పిలిచే ఈ నేర్పు పుస్తకం చదివినంత మాత్రాన అబ్బదు. పని చేసినవారి ఎదుట తమ పనిని పెట్టి, వారు అడిగే ప్రశ్నలకు తడబడుతూనైనా జవాబు చెప్పుకుంటేనే పట్టుబడుతుంది. వృత్తి సంఘాల సభలు, విద్యార్థి పోటీలు, వేసవి శిబిరాలు, అంతరిక్ష వారోత్సవాలు ఈ లోటును పూడ్చడానికి వచ్చినవే గాని, అన్నీ ఒకే మేరకు పూడుస్తున్నాయని అనుకోవడం పొరపాటు.

జనానికి బాగా తెలిసినది ప్రపంచ అంతరిక్ష వారోత్సవం. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. అంతరిక్షాన్ని ఏ దేశమూ తన సొత్తుగా ప్రకటించుకోరాదనే అంతర్జాతీయ ఒప్పందం 1967 అక్టోబరు 10న అమల్లోకి వచ్చింది. ఈ రెండు తేదీల నడుమ ఉన్న వారాన్ని అంతరిక్ష వారంగా జరుపుకోవాలని ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1999 డిసెంబరులో తీర్మానించింది. తెలుగునాట ఈ వారానికి ప్రత్యేకమైన సందడి ఉండటానికి కారణం శ్రీహరికోట. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఆ దీవిలో 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో సతీష్ ధవన్ పేరు పెట్టుకున్న ఆ కేంద్రం వారోత్సవాల్లో ఆంధ్రప్రదేశ్‌లోని పలు పట్టణాల్లో నమూనాల ప్రదర్శనలు, క్విజ్, వక్తృత్వ పోటీలు ఏర్పాటు చేస్తూ వస్తోంది. చంద్రయాన్-3 చంద్రుడిపై దిగిన ఆగస్టు 23వ తేదీని 2024 నుంచి జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరపడంతో విద్యాసంస్థలకు మరో సందర్భం దొరికింది. ప్రయోగాన్ని నేరుగా చూడదలచినవారి కోసం శ్రీహరికోటలో సుమారు 5,000 మంది కూర్చునే గ్యాలరీని 2019లో తెరిచారు. ఇవన్నీ ఆసక్తిని రగిలించేవే. కాని అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలతో పూట గడిచిపోయే సభల్లో పిల్లలు ప్రశ్న అడగడానికి మిగిలే సమయం తక్కువ, తమ చేతితో ఏదైనా చేసి చూడటానికి దొరికేది మరీ తక్కువ.

ఇస్రో 2019లో ప్రారంభించిన యువికా, అంటే యువ విజ్ఞాని కార్యక్రమం, ఈ లోపాన్ని కొంతవరకు గుర్తించి తయారుచేసినట్టు కనిపిస్తుంది. తొమ్మిదో తరగతి చదువుతున్న విద్యార్థులను ఎంపిక చేసి, వేసవి సెలవుల్లో సుమారు రెండు వారాలపాటు ఇస్రో కేంద్రాల్లోనే ఉంచి, శాస్త్రవేత్తల ప్రసంగాలు వినిపించడంతోపాటు ప్రయోగశాలలు చూపిస్తారు, చిన్న చిన్న ప్రయోగాలు చేయిస్తారు. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ప్రదర్శనల్లో పాల్గొన్న అనుభవం వంటివి లెక్కలోకి తీసుకుంటూనే, గ్రామ పంచాయతీ పరిధిలోని బడుల్లో చదివేవారికి అదనపు ప్రాధాన్యం ఇవ్వడం ఇందులో మెచ్చదగిన సంగతి. సీట్లు మాత్రం కొద్ది. తొలి ఏడాది ఒక్కో రాష్ట్రం నుంచి ముగ్గురినే తీసుకున్నారు. కోట్లమంది బడిపిల్లలున్న దేశంలో ఈ నమూనా ఎంత మంచిదైనా అందరికీ అందేది కాదు గనుక, తక్కువ ఖర్చుతో ఎక్కడైనా నడపగలిగే పద్ధతి కావలసి వచ్చింది.

క్యాన్‌శాట్ అలాంటి పద్ధతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బాబ్ ట్విగ్స్ 1998లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు: 350 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ డబ్బాలో పట్టేంత పరికరంలో నిజమైన ఉపగ్రహంలో ఉండే ముఖ్యాంగాలన్నీ, అంటే విద్యుత్తునిచ్చే బ్యాటరీ, కొలతలు తీసే సెన్సర్లు, లెక్కలు చూసే చిన్న కంప్యూటరు, సమాచారాన్ని కిందికి పంపే రేడియో, అమర్చి, చిన్న రాకెట్టుతో పైకి పంపి, పారాచూట్‌తో దించాలి. అది కక్ష్యలోకి వెళ్లదు, కాబట్టి దాన్ని ఉపగ్రహం అనడం మాటవరసకే. అయినా ఉపగ్రహం చేయడంలో ఎదురయ్యే ఇక్కట్లలో చాలావరకు ఇందులోనూ తప్పవు. మరుసటి ఏడాదే నెవాడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారిలో విద్యార్థుల డబ్బాలను ఎగరేశారు. తర్వాత యూరప్ అంతరిక్ష సంస్థ హైస్కూలు విద్యార్థుల కోసం ఈ పోటీని చేపట్టింది. భారతదేశంలో ఇస్రో, ప్రైవేటు అంతరిక్ష కార్యకలాపాలకు అనుమతులిచ్చే ఇన్‌-స్పేస్, ఆస్ట్రోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి ఇటీవల కాలేజీ విద్యార్థులకు దీన్ని నిర్వహిస్తున్నాయి.

దీనిలోని విద్య ఎలాంటిదో తెలియాలంటే ఒక్క పారాచూట్ లెక్కను చూస్తే చాలు. 350 గ్రాముల డబ్బా కిలోమీటరు ఎత్తు నుంచి దిగుతున్నదనుకుంటే, భూమి దాన్ని లాగే బలమూ గాలి దాన్ని ఆపే బలమూ సమానమైన చోట వేగం నిలకడకు వస్తుంది. ఆ వేగం సెకనుకు 8 మీటర్లు ఉండాలంటే పారాచూట్ వ్యాసం సుమారు 38 సెంటీమీటర్లు కావాలని లెక్క తేలుతుంది. అప్పుడు నేలకు చేరడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. గుడ్డను ఇంకా పెద్దది చేస్తే డబ్బా మెల్లగా దిగి భద్రంగా ఉంటుంది గాని, గాలి దాన్ని మైదానం దాటించి ఎక్కడో పొలాల్లో పడేస్తుంది; చిన్నది చేస్తే దగ్గరలోనే పడుతుంది గాని పగిలిపోవచ్చు. సెకనుకు ఒక్కసారి కొలత పంపే పరికరానికి ఆ రెండు నిమిషాల్లో దక్కేవి నూట ఇరవై చిల్లర కొలతలే, కాబట్టి అందులో పది పోయినా నష్టం కనిపిస్తుంది. ఎత్తును నేరుగా కొలిచే సాధనం సాధారణంగా ఉండదు. గాలి పీడనాన్ని కొలిచి దాన్నుంచి ఎత్తును రాబడతారు. నేలకు దగ్గరలో ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ పీడనం దాదాపు 12 హెక్టోపాస్కల్‌ల చొప్పున తగ్గుతుందన్న సంగతి భౌతికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే గాని, దాన్ని తమ పరికరం మీద నమ్మకంగా వాడాల్సి వచ్చినప్పుడే దాని బరువు తెలుస్తుంది.

అమెరికాలో విశ్వవిద్యాలయాలకు జరిగే క్యాన్‌శాట్ పోటీ నిబంధనల్లో ఒకటి, చూడటానికి అల్పమైనదే అయినా, ఈ విద్య మొత్తానికి నమూనాగా చెప్పుకోదగినది: బ్యాటరీలను స్ప్రింగు బిగింపుతో అమర్చరాదు. టార్చిలైటులోనూ రిమోటులోనూ ఉండే ఆ స్ప్రింగు నేల మీద ఎన్నిసార్లు పరీక్షించినా చక్కగా పనిచేస్తుంది. రాకెట్టు మోటారు రాజుకున్నప్పుడో పారాచూట్ విచ్చుకున్నప్పుడో తగిలే కుదుపుకు అది ఒక్క క్షణం నొక్కుకుపోయి విద్యుత్తు తెగిపోతే, కంప్యూటరు మళ్లీ మొదటినుంచి లేస్తుంది. అలా లేచిన కంప్యూటరు తాను గాలిలో ఉన్నానని ఎరగక, అక్కడి పీడనాన్నే నేలమట్టపు పీడనంగా తీసుకుంటే ఆ తర్వాతి ఎత్తులన్నీ తప్పులే అవుతాయి. అందువల్ల మధ్యలో కంప్యూటరు ఆగి లేచినా లెక్క చెడకుండా చూసుకోవాలని కూడా నిబంధన ఉంటుంది. పోటీలో ఎగరేయడం ఒక అంకం మాత్రమే. అంతకుముందు ప్రాథమిక రూపకల్పన సమీక్ష, తుది రూపకల్పన సమీక్ష, ఎగరడానికి ముందు సన్నద్ధత సమీక్ష ఉంటాయి; ఎగిరిన తర్వాత ఫలితాల సమీక్ష ఉంటుంది. రాకెట్టు ప్రయోగానికి ముందు ఇస్రోలోనూ సన్నద్ధత సమీక్ష జరిపి, అనుమతి మండలి ఒప్పుకున్నాకే ముందుకు వెళతారు. పరికరం ఎగరకపోయినా ఎందుకు ఎగరలేదో ఆధారాలతో చెప్పగలిగిన బృందానికి మార్కులు దక్కే పద్ధతి, జవాబు తప్పయితే సున్నా వేసే పరీక్షలకు అలవాటుపడ్డ విద్యార్థులకు కొత్తగా తోస్తుంది.

పెద్దల సభలు కూడా ఒక్కోసారి ఊహించని ఫలితాలనిస్తాయి. ప్రపంచంలోని అంతరిక్ష సంస్థలు, పరిశ్రమలు, విశ్వవిద్యాలయాలు ఏటా ఒక దేశంలో కలుసుకునే అంతర్జాతీయ ఆస్ట్రోనాటికల్ కాంగ్రెస్ 2007 సెప్టెంబరులో హైదరాబాదులో జరిగింది. ఆ సభకు హాజరైన కొందరు విద్యార్థుల్లో తామే ఒక ఉపగ్రహాన్ని చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన మొలకెత్తింది. హైదరాబాదు, బెంగళూరు ప్రాంతాల్లోని ఏడు ఇంజినీరింగు కాలేజీల విద్యార్థులు కలిసి, ఇస్రో మార్గదర్శకత్వంలో పనిచేసి, కిలో కన్నా తక్కువ బరువున్న స్టడ్‌శాట్‌ను తయారు చేశారు. కిలోకు లోపు బరువున్న ఉపగ్రహాన్ని పికో ఉపగ్రహం అంటారు, దేశంలో ఆ తరహాలో అదే మొదటిది. 2010 జులై 12న పీఎస్ఎల్‌వీ-సీ15 రాకెట్టు దాన్ని శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేర్చింది. ఏడు కాలేజీలు, రెండు నగరాలు, మధ్యలో పరీక్షల కాలపట్టికలు, పట్టా పుచ్చుకుని వెళ్లిపోయే సీనియర్లు, వారి పనిని అందుకోవాల్సిన జూనియర్లు అన్నింటినీ సమన్వయపరచుకోవడం ఆ ప్రయత్నంలో ఎలక్ట్రానిక్స్‌తో సమానమైన పరీక్ష అయి ఉంటుంది.

2022లో చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా చేపట్టిన ఆజాదీశాట్ ఇంకో రకం పాఠం. దేశవ్యాప్తంగా 75 బడుల నుంచి 750 మంది బాలికలు ఒక్కోటి సుమారు 50 గ్రాములుండే 75 పరికరాలను సిద్ధం చేయగా, వాటిని కూర్చిన దాదాపు 8 కిలోల ఉపగ్రహాన్ని ఇస్రో కొత్త చిన్న రాకెట్టు ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగంలో ఆ ఏడాది ఆగస్టు 7న పంపారు. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన కొద్దిపాటి ప్రకంపనకు రాకెట్టులోని త్వరణమాపకాలు, అంటే వేగంలో మార్పును పసిగట్టే సెన్సర్లు, తమ హద్దు దాటిపోయాయి. వాటిని గమనించే సాఫ్ట్‌వేరు అవి చెడిపోయాయని తీర్మానించుకుంది. ఫలితంగా 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండవలసిన కక్ష్య ఒక కొసన 76 కిలోమీటర్లకు దిగిపోవడంతో ఉపగ్రహం నిలవలేదు. ఆరు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరి 10న, రెండో ఎస్ఎస్ఎల్‌వీ ఆజాదీశాట్-2ను అనుకున్న కక్ష్యలోనే వదిలింది. రాకెట్టు ఎందుకు విఫలమైందో ఇస్రో వివరంగా వెల్లడించడం వల్ల, పైన చెప్పిన బ్యాటరీ స్ప్రింగు కథకూ దీనికీ ఉన్న పోలికను ఏ ఉపాధ్యాయుడైనా తరగతిలో చూపించగలడు: రెండింటిలోనూ క్షణకాలపు కుదుపే మూలం, దాన్ని యంత్రం అపార్థం చేసుకోవడమే ప్రమాదం.

ఉద్యోగంలో చేరినవారికి ఇలాంటి చర్చావేదిక ఇంకా అవసరం. 1948లో ఏర్పడిన ఏరోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియాకు ఢిల్లీలో కేంద్ర కార్యాలయం, హైదరాబాదుతో సహా పలు నగరాల్లో శాఖలు ఉన్నాయి. ఉపన్యాసాలు, సదస్సులతోపాటు, రెగ్యులర్ కాలేజీకి వెళ్లలేనివారు రాసుకోదగిన అసోసియేట్ సభ్యత్వ పరీక్షను కూడా అది నడుపుతూ వచ్చింది. క్షిపణి ప్రయోగశాలలు, విమాన భాగాల కర్మాగారాలు, కొత్తగా వచ్చిన రాకెట్టు కంపెనీలు ఒకేచోట ఉన్న హైదరాబాదులో వేర్వేరు సంస్థలవారు తమ రహస్యాలు దాచుకుంటూనే, లోహపు అలసట, కంపనాలు, అతుకుల నాణ్యత వంటి ఉమ్మడి చిక్కులను మాట్లాడుకోవడానికి ఇలాంటి సంఘం తప్ప మరో చోటు అంత సులభంగా దొరకదు. బేగంపేట విమానాశ్రయంలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా వంటి ప్రదర్శనలు విమానాల అమ్మకాల కోసం ఏర్పాటైనవి గనుక, వాటి నుంచి విద్యార్థులు విమానాన్ని దగ్గరగా చూడటానికి మించి ఆశించడం అత్యాశే.

అంతరిక్షంతో నేరుగా మాట్లాడే దారి మాత్రం చాలామంది అనుకునేదానికన్నా దగ్గరగా ఉంది. 2025 జులైలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న భారత వ్యోమగామి శుభాంశు శుక్లా బెంగళూరులోని యూఆర్ రావు ఉపగ్రహ కేంద్రానికి వచ్చిన విద్యార్థులతో హామ్ రేడియో, అంటే వ్యాపారం కోసం కాక అభిరుచితో నడిపే లైసెన్సు పొందిన రేడియో, ద్వారా మాట్లాడారు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోయే కేంద్రం ఒక స్టేషనుకు అందే దూరంలో ఉండేది పది నిమిషాలే. అందుకని పిల్లలు ప్రశ్నలను ముందే కుదించుకుని, వరుసలో నిలబడి, ఒక్కొక్కరు తమ ప్రశ్న ముగియగానే ‘ఓవర్’ అని చెప్పి మైకు పక్కవారికి ఇవ్వడం అలవాటు చేసుకోవాలి. భారతదేశంలో హామ్ లైసెన్సు పరీక్షకు కూర్చోవడానికి 12 ఏళ్లు నిండితే చాలు. 1983 నుంచి పనిచేస్తున్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ హైదరాబాదులోనే ఉంది, ఆ పరీక్షకు శిక్షణా ఇస్తోంది.